చుట్టాలున్న మాటలు

టార్చిలైటు అన్న పేరు ఆ టీచరమ్మకి పిల్లలు పెట్టారు. ఊరికే పెట్టలేదు. ఎవరి అరచేతిలో ఏం రాసుందో, ఎవరి పెన్సిలు డబ్బా మూత లోపల ఏం అంటించి ఉందో ఆవిడకి గుమ్మంలోంచే కనిపించేది. ఇంట్లోనూ అదే వరస. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నె వంక కాకుండా వాడి ముఖం వంక చూసేది. కూరగాయల బండివాడు తూకం వేస్తే, "ఏదీ, ఆ రాయి ఇలా ఇవ్వు" అని చేత్తో పట్టుకుని బరువు చూసేది. కట్టుకున్న మొగుడు బజారు నుంచి ఆలస్యంగా వస్తే అడగనైనా అడగదు, సంచిలో కొత్తిమీర ఎంత వాడిందో చూసి, ఎంతసేపు కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డాడో తేల్చేసేది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఈవిడ ఆ భూతానికి వేళకి ఇంత ముద్ద పెట్టి మరీ పెంచింది.

పోనీ అన్నీ ఉత్త అనుమానాలేనా అంటే అదీ కాదు. మూడో తరగతి డిక్టేషన్‌లో కాపీ కొట్టినవాణ్ణి పట్టుకోవడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు ఆ బడిలో లేరు. దానికి ఆవిడ దగ్గర ఒక సూత్రం కూడా ఉంది. "ఒప్పు అందరిదీ ఒకటే. తప్పు మాత్రం ఎవరిది వాళ్ళది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే తప్పు రాశారా, అందులో ఒకడు దొంగ." ఈ మాట స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు చెప్పిందంటే, ఆవిడ నోరు తెరవగానే మిగతా టీచర్లు టీ కప్పులు పట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయేవాళ్ళు. విసుగు విసుగే గానీ, మాట మాత్రం నిజం.

ప్రతి శుక్రవారం డిక్టేషన్. ఆ శుక్రవారం స్టాఫ్‌రూములో పేపర్లు దిద్దుతూ ఉంటే, పిచ్చుక పేపరు దగ్గర ఆవిడ ఎర్ర పెన్ను ఆగిపోయింది.

పిచ్చుక అంటే ముందు బెంచీ పిల్ల. గుప్పెడంత ఉంటుంది, గొంతు కూడా అంతే. చదవమంటే తడబడుతూనే చదువుతుంది, లెక్కలు పరవాలేదు, డిక్టేషన్‌లో మాత్రం ఎప్పుడూ అడుగునే. ఒత్తు అక్షరాలకీ ఆ పిల్లకీ ఏ జన్మలోనో పగ ఉన్నట్టుండేది. బ ఎక్కడ రాయాలి, భ ఎక్కడ రాయాలి, స ఎక్కడ, శ ఎక్కడ అన్నది దానికి అంతుపట్టేది కాదు. అలాంటి పిల్ల ఈసారి 'పరిశుభ్రత' రాసింది. 'వైద్యశాల' రాసింది. 'పాఠకులు', 'అభినందన', 'భయంకరం' కూడా రాసింది. ఎక్కడ ఏ ఒత్తు ఉండాలో అక్కడ ఆ ఒత్తు ఉంది. సరే, ఒళ్ళు వంచి చదివిందేమో అనుకుందామంటే, ఆ కిందనే 'నిధి' నిది అయింది, 'మేఘం' మేగం అయింది, 'ఖాళీ' కాళీ అయి కూర్చుంది.

మీరైతే ఏమనుకుంటారు? టీచరమ్మ అనుకున్నదే అనుకుంటారు. రెండక్షరాల మాట రాని పిల్ల అయిదక్షరాల మాట ఎలా రాసిందీ? అరుగు ఎక్కలేనివాడు మేడ మీద కనిపించాడంటే, ఎవరో ఎత్తుకుని తీసుకెళ్ళారన్నమాట.

ముందు పక్కవాళ్ళ పేపర్లు తీసింది. ఎడమ పక్కన కూర్చునేది సోడాబుడ్డి, పాపం దళసరి అద్దాల కుర్రాడు. వాడు 'పరిసుబ్రత' అని రాశాడు. కుడి పక్క పిల్ల సగం రాసి వదిలేసింది. వెనక బెంచీ వాళ్ళు చూసి చెప్పే రకం కాదు, చెప్పించుకునే రకం. కాబట్టి కాపీ కాదు. ఇంకెవరైనా అయితే అక్కడితో హమ్మయ్య అనుకుని పేపరు కట్టలో పెట్టేసేవారు. టీచరమ్మకి అనుమానం ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తీసుకుని వస్తుంది.

'కాపీ కాదంటే, మాటలు ముందే తెలుసన్నమాట' అనుకుంది.

మాటల కాగితం ఎక్కడుంది? గురువారం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసింది. రాసి కళ్ళజోడు పెట్టె కింద పెట్టింది. ఇంట్లో ఎవరున్నారు? మొగుడు. ఆయనకి పెళ్ళాం కాగితాలు ముట్టుకునేంత ధైర్యం ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. అత్తగారు. ఆవిడ స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచం దిగలేకుండా ఉంది. ఇక మిగిలింది ఆయా. అత్తగారిని లేపడానికి, పడుకోబెట్టడానికి, ఒళ్ళు తుడవడానికి పెట్టుకున్న మనిషి. ఆ ఆయా కూతురే పిచ్చుక!

టీచరమ్మ పెన్ను మూత పెట్టేసింది. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు" అని పైకే అనేసింది. ఎదురుగా కూర్చున్న లెక్కల మాస్టారు ఉలిక్కిపడి తన జేబు తడుముకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఆయాని చూసే చూపు మారిపోయింది. అప్పటిదాకా ఆయా పని చూసి తృప్తిగానే ఉండేది. ఆయా చేతులు పెద్దవి, మెత్తనివి. అత్తగారిని పక్కకి తిప్పేటప్పుడు "పెద్దమ్మగారూ, నా మెడ పట్టుకోండి, ఇదిగో, అయిపోయింది, అయిపోయింది" అంటూ తిప్పేది. ముసలావిడ అబ్బా అనేది కాదు. పిచ్చుక బడి వదలగానే నేరుగా ఇక్కడికే వచ్చి, అమ్మ పని అయ్యేదాకా అత్తగారి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది. ఇద్దరూ ఏవో గుసగుసలు, నవ్వులు. నిన్నటిదాకా అదంతా ముచ్చటగానే ఉంది. ఇప్పుడు అన్నింటికీ అర్థాలు పుట్టుకొచ్చాయి. ఆయా భోజనాల బల్ల ఎందుకు అన్నిసార్లు తుడుస్తోంది? తుడిచేటప్పుడు కాగితాలు ఎందుకు సర్దుతోంది? ఇంత శుభ్రంగా పని చేసే మనిషి ఇంత తక్కువ జీతానికి ఎందుకు ఒప్పుకుంది? ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు టీచరమ్మకి తెలుసు. ఆయా మొగుడు ఎక్కడున్నాడో వాడికే తెలియదు, తల్లీకూతుళ్ళ తిండికీ, గది అద్దెకీ, పిల్ల చదువుకీ ఈ జీతం ఒక్కటే ఆధారం. తెలిసి కూడా అడిగింది తనని తాను. అనుమానం అంతే, జవాబు ఎదురుగా ఉన్నా ప్రశ్న మానదు.

వచ్చే గురువారానికి వల పన్నింది. బల్ల మీద ఒక దొంగ లిస్టు రాసి పెట్టింది. దాని మీద తన తల వెంట్రుక ఒకటి అడ్డంగా పరిచింది. ఎవరైనా కాగితం కదిపితే వెంట్రుక ఉండదు. ఈ ఉపాయం ఆవిడకి ఎవరు చెప్పారో గానీ, నెత్తి మీద ఫ్యాను తిరుగుతోందన్న సంగతి మాత్రం చెప్పలేదు. పొద్దున్న లేచి చూస్తే వెంట్రుక లేదు. "అదీ సంగతి!" అంది. మొగుడు కాఫీ తాగుతూ "ఏది సంగతి?" అన్నాడు. "మీకు తెలియదులెండి" అంది. ఆయన కూడా తెలుసుకోవాలని అనుకోలేదు.

బడిలో వేరే మాటలు చెప్పింది. మామూలు మాటలు కావు. ఈసారి ఎవరి సాయమూ లేకుండా పిచ్చుక ఎంత రాస్తుందో చూడాలని, ఉన్నవాటిలో గట్టివి ఏరుకొచ్చింది. ఉత్కంఠ, ఖడ్గమృగం, ఢంకా, ఉచ్ఛ్వాసం, మూర్ఛ. మూడో తరగతి పిల్లలకి అవి వింటే నిజంగానే మూర్ఛ వచ్చేట్టు ఉన్నాయి. సోడాబుడ్డి అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, అద్దాలదే తప్పు అనుకున్నాడు కాబోలు. వెనక బెంచీలో ఒకడు ఏడుపు మొహం పెట్టాడు.

పిచ్చుక ఒక్కటి కూడా సరిగా రాయలేదు.

ఆ మాటకొస్తే తరగతిలో ఎవ్వరూ రాయలేదు. ఎప్పుడూ మొదట వచ్చే పిల్ల కూడా 'ఉత్కంట' అని రాసి, కొట్టేసి, 'ఉత్కంత' అని రాసింది. ఆ పేపర్లన్నీ టీచరమ్మ చేతిలోనే ఉన్నాయి. కానీ ఆవిడ చూసింది ఒక్క పేపరే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. ఈవిడకి పిచ్చుక పేపరు తప్ప లోకమే కనిపించలేదు. లిస్టు దొరికిన వారం రాసింది, దొరకని వారం రాయలేదు. ఇంకేం కావాలి?

పిచ్చుకని బల్ల దగ్గరికి పిలిచింది. "పోయిన వారం అంత పెద్ద పెద్ద మాటలు రాశావు కదా. ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు టీచర్. నేనే రాశాను."

"మరి ఇవాళ ఏమైంది, నీ చెయ్యి?"

పిచ్చుక తన చెయ్యి వంక చూసుకుంది. "ఇవాళ్టివి నాకు తెలియదు టీచర్" అంది.

"అంటే పోయిన వారానివి తెలుసన్నమాట" అంది టీచరమ్మ, కోర్టులో ప్లీడరులాగా.

ఆ సాయంత్రమే ఇంట్లో తగువు తేల్చేసింది. అత్తగారి గదిలోనే, ఆయా దుప్పటి మడత పెడుతూ ఉండగా, పిచ్చుక స్టూలు మీద కూర్చుని ఉండగానే మొదలెట్టింది.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆయా చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగింది. "అదేంటమ్మా? పెద్దమ్మగారికి ఏమైనా తక్కువ చేశానా?"

"తక్కువ కాదు, ఎక్కువ చేశావు. బల్ల మీద నా కాగితాలు చూసి నీ కూతురికి చెప్పావు. ఇది అంత పెద్ద మాటలు రైటు రాసినప్పుడే నాకు అర్థమైపోయింది."

"అమ్మా, నాకు చదువు రాదు. కాగితం తలకిందులుగా పట్టుకున్నా నాకు తెలియదు."

"ఫోను ఉందిగా. ఫోటో తీసుకుంటే చదువు ఎందుకు?"

ఆయా కొంగులో కట్టుకున్న ఫోను తీసి చూపించింది. అది బటన్ల ఫోను, సగం బటన్ల మీద అంకెలు కూడా చెరిగిపోయాయి. దానికి ఫోటో తీసే కన్ను లేదు. టీచరమ్మ దాన్ని చూసింది. చూసి, 'ఇంట్లో ఇంకోటి ఉండొచ్చు' అనుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాళ్ళని మనం విన్నాం. నాలుగో కాలు ఎదురుగా ఆడిస్తున్నా లెక్క మార్చని మనిషిని ఇప్పుడు చూస్తున్నాం.

ఆయా దుప్పటి మడత పూర్తి చేసి, ముసలావిడ కాళ్ళ మీద కప్పింది. "పెద్దమ్మగారూ, ఎడమ పక్కకి మీ అంతట మీరు తిరగకండి" అని చెప్పింది. కూతురి చెయ్యి పట్టుకుంది. పిచ్చుక వెళ్తూ వెళ్తూ టీచరమ్మ వంకా, అమ్మ వంకా మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. ఏదో ఆలోచిస్తోంది.

ఇక అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ సామాన్యురాలు కాదు. మంచం మీద ఉన్నా, నోరు మాత్రం ఇంటింటా తిరిగొస్తుంది. "కోడలా, నీకు మతి ఉందా? అన్నం పెట్టే చేతిని కరిచేవాళ్ళని చూశాను గానీ, ఒళ్ళు తుడిచే చేతిని కరిచేదాన్ని నిన్నే చూశా!"

"అత్తయ్యా, మీకు తెలియదు, మీరు ఊరుకోండి."

"నేను ఊరుకోను. నువ్వు ఇచ్చే మెతుకు కూడా నాకు వద్దు."

అన్నట్టే శనివారం అంతా కోడలి చేతి అన్నం ముట్టలేదు. కొడుకు పెడితే తింది. ఆ కొడుకే పక్కకి తిప్పబోతే ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది. ఆయన భయపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆదివారం పొద్దున టీచరమ్మ స్వయంగా ఒళ్ళు తుడవబోయింది. నీళ్ళు వేడెక్కువయ్యాయి, తువ్వాలు గరుకయింది, ముసలావిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోడలికి బాధగానే ఉంది, కానీ నోరు తెరిచి ఒప్పుకోదు కదా.

"ఆ పిల్ల ఉండి ఉంటే, నొప్పి తెలియకుండా ఆట ఆడించేది" అంది అత్తగారు గోడ వైపు తిరిగి.

"ఏం ఆట?" టీచరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"చుట్టాల ఆట."

ఇక్కడ అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడకి అక్షరం ముక్క రాదు గానీ, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా మంచినీళ్ళకంటే ముందు "ఎవరి తాలూకు మీరు?" అని అడుగుతుంది. గ్యాసు తెచ్చినవాడు మూడిళ్ళ అవతలావిడ మేనత్త ఆడపడుచు కొడుకని తేల్చి, వాడికే తెలియని చుట్టరికం వాడి చేతిలో పెట్టి పంపుతుంది. వాడు ఆ దెబ్బకి చిల్లర మరిచిపోయి వెళ్ళాడు ఒకసారి. రోజూ ఆ మంచం పక్కన కూర్చున్న పిచ్చుకకి ఈ జబ్బు అంటుకుంది. ముసలావిడకి మనుషుల చుట్టరికం, పిల్లకి మాటల చుట్టరికం.

"అది నన్ను అడుగుతుంది, 'నానమ్మా, భయం వాళ్ళ చుట్టాలు ఎవరో చెప్పు' అని. నేను చెబుతాను. భయపడ్డం, భయంకరం, నిర్భయం, భయస్తుడు. అది ఎగిరి గంతేసి, 'వీళ్ళందరిదీ ఒకటే ముక్కు నానమ్మా, అందరికీ ఒకే భ' అంటుంది. బడి గేటు మీద పాఠశాల అని రాసి ఉందిట. కాబట్టి శాల అని చివర ఉన్న వాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళుట, వాళ్ళ శ మారదుట. చేతులు కడుక్కునే పంపు దగ్గర శుభ్రం అని ఉందిట. ఇంక శుభ్రం కనిపించిన చోటల్లా దాన్ని చూసి రాసేస్తానంది. నాకేం తెలుసు, అది చెబుతుంటే ఊఁ కొట్టాను. మరి 'నిధి'కి చుట్టాలు ఎవరంటే నాకూ తోచలేదు, దానికీ తోచలేదు. 'పాపం, అనాథ నానమ్మా' అంది."

టీచరమ్మ మొదట ఏమనుకుందో చెప్పనా? 'ఆయా మీద ప్రేమతో అత్తయ్య కథ అల్లుతోంది' అనుకుంది! అవును, మంచాన పడి, నొప్పితో కన్నీళ్ళు పెట్టుకుంటున్న ముసలావిడని అనుమానించింది. టీచరమ్మ మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కానీ మనసులో పురుగు దూరింది. పాత పేపర్ల కట్ట తీసి భోజనాల బల్ల మీద పరిచింది. మొదటివారం పిచ్చుక పేపరు. పరిశుభ్రత, పంపు మీద శుభ్రం ఉంది. వైద్యశాల, గేటు మీద శాల ఉంది. పాఠకులు, ఆ పాఠం కూడా గేటు మీదే ఉంది. అభినందన, రెండో పాఠంలో అభిమానం ఉంది. నిధి, మేఘం, ఖాళీ, ఆ పిల్లకి తెలిసినంతలో వీటికి ముందూ వెనకా ఎవరూ లేరు. రెండోవారం పేపరు చూసింది. ఉత్కంఠ, ఢంకా, మూర్ఛ. ఏరి ఏరి, ఆ పిల్ల లెక్కలో అన్నీ అనాథల్నే చెప్పింది తాను! మాట పొడుగైతే కష్టం, పొట్టిదైతే తేలిక అని ఇన్నేళ్ళూ అనుకుంది. పిల్లకి పొడుగుతో పనే లేదు. తెలిసినవాడి పోలిక ఉంటే ఎంత పొడుగైనా పట్టుకుంటుంది, పోలిక లేకపోతే పొట్టివాణ్ణి కూడా గుర్తుపట్టదు.

అప్పుడు మొదటివారం పేపరు చివర ఒక మాట కనిపించింది. ఆ రోజు తప్పు కింద గీత కొట్టి వదిలేసిందే గానీ చదవలేదు. 'మసాలా' అని తాను చెబితే పిచ్చుక 'మశాలా' అని రాసింది. తరగతిలో ఇంకెవ్వరూ అలా రాయలేదు. మసాలా కూడా శాలల ఇంటి మనిషే అనుకుంది పిచ్చిపిల్ల! పోలిక చూసి పరాయివాణ్ణి బంధువనుకుని కావిలించుకుంది. లిస్టు చూసి రాసిన పిల్లయితే ఈ తప్పు ఎలా రాస్తుంది? లిస్టులో మసాలా సరిగ్గానే ఉంది. తప్పు ఎవరిది వాళ్ళది అని స్టాఫ్‌రూము గోడలు అరిగేలా చెప్పింది తనే కదా. ఇది పిచ్చుక తప్పు. ఇంకెవరిదీ కాదు.

టీచరమ్మకి సిగ్గేసింది. అత్తగారి గదిలోకి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఏమిటి అలా నిలబడ్డావు? పోయి ఆయాని తీసుకురా" అంది అత్తగారు.

వెళ్ళాల్సింది. అప్పుడే చెప్పులేసుకుని వెళ్ళి, ఆ తల్లి ముందు నిలబడి, తప్పయిపోయిందని చెప్పాల్సింది. చెప్పులు కూడా వేసుకుంది. మెట్లు దిగుతుంటే పాత భూతం చెవిలో గొణిగింది. 'ఒకసారి చూసుకుంటే పోలా? నా కళ్ళెదురుగా, నేను అప్పటికప్పుడు అనుకున్న మాటలు రాయించి చూస్తే పోలా? అప్పుడే తీసుకొద్దాం. ఒక్క రోజులో ఏం మునిగిపోతుంది?' తిరిగి వచ్చేసి చెప్పులు విడిచింది. ముసలావిడ ఆ రోజూ కొడుకు చేతి ముద్దలే తింది.

సోమవారం పొద్దున బడిలో డిక్టేషన్ అనగానే పిల్లలు గోల పెట్టారు. "టీచర్, ఇవాళ శుక్రవారం కాదు టీచర్!" టీచరమ్మ వినిపించుకోలేదు. చేతిలో కాగితం లేదు, మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. వెళ్ళి ముందు బెంచీ పక్కనే నిలబడింది. పిచ్చుక తల వంచుకుని పెన్సిలు పట్టుకుంది. పిల్ల కళ్ళ కింద వాపు ఉంది, జడ సరిగా వేసి లేదు. రోజూ అయితే ఆయా ఎంత తొందరలో ఉన్నా నున్నగా వేసేది. పని వెతుక్కుంటూ పొద్దున్నే వెళ్ళిపోయి ఉంటుంది. అదంతా టీచరమ్మ చూసింది. అయినా ఆగలేదు.

"నిర్భయం" అంది.

పిచ్చుక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. భయం గారి చుట్టాన్ని పలకరించింది కాబోలు. తర్వాత చకచకా రాసింది. నిర్భయం. భకి ఒత్తు ఒత్తుగానే ఉంది.

టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. 'నా తల్లే!' అనుకుంది. భుజం తట్టబోయింది.

ఇంతలో పిచ్చుక తలెత్తి టీచరమ్మ వంక చూసింది. చూసి, రబ్బరు తీసుకుంది. రాసినదాన్ని చెరిపేసింది. కాగితం నలగకుండా, తుడిచిన పొడి ఊదేసి, జాగ్రత్తగా 'నిర్బయం' అని రాసింది.

టీచరమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గొంతు సవరించుకుని "నాట్యశాల" అంది. పిచ్చుక ముందు శ రాసింది. చెరిపి స రాసింది. "అభిమాని" అంది. భ వచ్చింది, పోయింది, బ వచ్చింది. "అపరిశుభ్రం" అంది టీచరమ్మ. పిచ్చుక ఈసారి రాయడానికే చాలాసేపు తీసుకుంది. ఎన్ని తప్పులు పెట్టాలో చూసుకుంటోంది మరి. రాసి, కాగితం రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడింది.

"ఎందుకు చెరిపావమ్మా? సరిగ్గానే రాశావు కదా."

చుట్టూ పిల్లలు పెన్సిళ్ళు ఆపి చూస్తున్నారు. పిచ్చుక వాళ్ళకి వినిపించకూడదని టీచరమ్మ పక్కకి జరిగి, ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగింది. టీచరమ్మ వంగింది.

"రైటు రాస్తే అమ్మ పని పోయింది కదా టీచర్" అంది చెవిలో. "ఇవాళ అన్నీ తప్పే రాశాను. ఒక్కటి కూడా రైటు లేదు, మీరే చూడండి. ఇంక అమ్మని రమ్మని చెప్పనా?"

టీచరమ్మ అక్కడే, పిల్లలందరి ముందూ, బెంచీ అంచు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆవిడ కళ్ళు అలా కారడం ఆ పిల్లలు ఎప్పుడూ చూడలేదు. సోడాబుడ్డి భయపడి నిలబడ్డాడు. "రమ్మను తల్లీ" అంది చివరికి. "కాదు, నువ్వు చెప్పడం కాదు, నేనే వస్తాను. మీ అమ్మ కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను. తప్పు నాది. మీ అమ్మది కాదు, నీది కాదు."

పిచ్చుక ముఖం విప్పారింది. అమ్మ మళ్ళీ పనిలోకి వెళ్తుంది, అంత వరకు అర్థమైంది దానికి. తృప్తిగా వెళ్ళి బెంచీలో కూర్చుని, రబ్బరు పెన్సిలు డబ్బాలో పెట్టింది. మూత వేయబోయి, ఏదో సందేహం వచ్చినట్టు ఆగి, మళ్ళీ టీచరమ్మ వంక తిరిగింది.

"మరి వచ్చే శుక్రవారం కూడా తప్పులే రాయాలా టీచర్?"